గుండీల రాయి

శనివారం పొద్దున బెన్హర్ ఆ రోజుకి వేసుకున్న పథకంలో పెద్ద పనులేమీ లేవు. డ్యూటీకి వెళ్ళాలి, వస్తూ వస్తూ ఒక కిలో బ్లీచింగ్ పౌడరు తేవాలి, మధ్యాహ్నం పాటల ప్రాక్టీసుకొచ్చే చర్చి క్వయర్ వాళ్ళంతా వెళ్ళిపోయాక పెరటి వరండాలో కూర్చుని ఎవరికీ తెలియకుండా ఒక రాయిని వదిలించుకోవాలి. అంతే.

బెన్హర్ విజయనగరంలో నీటి సరఫరా విభాగంలో వర్క్ ఇన్‌స్పెక్టరు. ఊరికి మంచినీళ్ళు ఇవ్వడం ఉద్యోగం, ఇంట్లో ఉప్పునీళ్ళు పెట్టుకుని మురిసిపోవడం సరదా. హాల్లో టీవీ ఉండాల్సిన చోట నాలుగడుగుల గాజు తొట్టి ఉంది. అందులో అతను గ్రాములతో సహా తూచి ఉప్పు కలిపిన నీళ్ళు, తెల్లచారల నారింజ రంగు చేపలు రెండు. ఆ చేపలకి పౌలు, సీల అని పేర్లు పెట్టింది అతని తల్లి కాంతమ్మ. ఎందుకమ్మా ఆ పేర్లంటే, "బైబిల్లో ఆళ్ళిద్దర్నీ జైల్లో ఏసినా సంతోషంగానే ఉన్నారు కదరా" అంది.

తొట్టి మధ్యలో ఒక రాయి. దాని నిండా గుండీలు కుట్టినట్టు ఆకుపచ్చవీ ఊదావీ చిన్న చిన్న సముద్రపు ప్రాణులు. తొట్టి పైనున్న లైటు వేస్తే విచ్చుకుంటాయి, ఆపితే ముడుచుకుంటాయి. అయిదు నెలల కిందట చెన్నైలో ఉన్న స్నేహితుడొకడు పంపించాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ చేపల్ని వదిలేసి దాన్నే చూసేవారు. ఇంట్లో దాని పేరు గుండీల రాయి.

ఆ గుండీలలో విషం ఉంటుందని బెన్హర్‌కి తెలిసి రెండు నెలలే అయింది. తనలాంటి తొట్టి పిచ్చివాళ్ళ ఫోన్ గ్రూపులో ఎవరో రాశారు. ఎక్కడో ఒకాయన ఇలాంటి రాయినే వేడినీళ్ళలో కడిగి, ఆ ఆవిరి పీల్చి, ఇంటిల్లిపాదితో సహా ఆస్పత్రిలో పడ్డాడట. అది చదివిన పూట బెన్హర్‌కి అన్నం సయించలేదు. ఇంట్లో చెప్పేద్దామనుకున్నాడు. చెబితే రాయితో పాటు తొట్టి, తొట్టితో పాటు తనూ వీధిన పడాల్సిందేనని కూడా అనుకున్నాడు. రేపు చెబుదాంలే అనుకున్నాడు. ఆ రేపు అరవై సార్లు వచ్చి వెళ్ళిపోయింది. ఈలోగా అతను చేసిన మంచిపని ఒక్కటే, తొట్టి దగ్గరికి ఇంకెవరినీ రానివ్వకపోవడం.

దాన్ని అతని భార్య మెర్సీ ఇంకోలా అర్థం చేసుకుంది. మెర్సీ నెల్లిమర్ల దగ్గర బడిలో టీచరు, సంఘం క్వయర్లో పై గొంతు ఆమెదే. తొట్టి అద్దం తుడవబోతే మొగుడు పరిగెత్తుకొచ్చి చేతిలో గుడ్డ లాక్కోవడం ఆమెకి బాగా గుచ్చుకుంది.

"పెళ్ళయి పన్నెండేళ్ళయింది. ఒక్కనాడన్నా నా సేతిలో అంట్లగుడ్డ లాక్కున్నారా? ఆ సేపల కాడికెల్తే మాత్రం కొంపలంటుకున్నట్టు వస్తారు" అనేది అత్తగారితో.

"ఆడికి సేపలంటే ప్రాణమే" అని కాంతమ్మ కొడుకుని వెనకేసుకొచ్చేది. దాంతో మెర్సీకి ఇంకా మండేది.

ఇంతలో దేవుడే దారి చూపించినట్టు గుండీల మధ్య గోధుమరంగు పిచ్చిమొక్కలాంటిదేదో మొలిచి రాయినంతా ఆక్రమించింది. ఇక రాయిని పారేసినా ఎవరూ ఎందుకని అడగరు. శుక్రవారం సాయంత్రం బెన్హర్ చేతులకి తొడుగులు వేసుకుని దాన్ని తీసి, ఉప్పునీళ్ళ బకెట్లో పెట్టి, పెరటి వరండాలో మూల ఉంచాడు. బ్లీచింగ్ నీళ్ళలో ఒక రోజు నానబెడితే విషం చచ్చిపోతుందని గ్రూపులో వాళ్ళు చెప్పారు. రాయీ పోతుంది, రహస్యమూ పోతుంది, చెప్పాల్సిన అవసరమూ పోతుంది.

"అమ్మా, వరండాలో బకెట్టు ముట్టుకోకు. అందులో ఉన్నది చాలా సుకుమారమైనది" అని శనివారం పొద్దున తల్లికి చెప్పి, స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

బెన్హర్ ఇంకో మాట వాడి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఆ శనివారం ఇంట్లో క్వయర్ ప్రాక్టీసు. మర్నాడు ఆదివారం వాళ్ళ చర్చి కట్టి నూరేళ్ళ పండగ. చర్చి హాలుకి రంగులు వేస్తున్నారని ప్రాక్టీసు మెర్సీ ఇంట్లో పెట్టారు. పన్నెండు మందికి కాంతమ్మ పులిహోర కలుపుతానంది. కలిపాక, ఇంకా టైముంది కదా అని వరండాలోకి వెళ్ళి బకెట్లోకి తొంగి చూసింది. రాయి గుండీలన్నీ ముడుచుకుని, మీద పాచి పట్టాయి, నీళ్ళు కూడా జిడ్డుగా ఉన్నాయి. పొద్దున కొడుకు ముఖం కూడా అలాగే ఉంది.

"సుకుమారమంట. సుబ్బరం సెయ్యకపోతే సుకుమారం ఏటి మిగుల్తాది" అనుకుంది కాంతమ్మ.

సుకుమారమైన వాటిని శుభ్రం చెయ్యడం ఆమెకి ఒకరు నేర్పక్కర్లేదు. బెన్హర్ పసివాడప్పుడు వాడి పాలసీసాలన్నీ రోజుకి రెండు పూటలా మరగబెట్టి పెంచిన మనిషి. స్నానానికి నీళ్ళు కాచే పాత అల్యూమినియం డేగిసా తీసి, బకెట్లో నీళ్ళు అందులో పోసి, రాయిని చేత్తో ముట్టకుండా పట్టకారుతో పట్టి దించి, మూత సగం పెట్టి పొయ్యి మీదకి ఎక్కించింది. పక్క పొయ్యి మీద పులిహోర ఉన్న ఇత్తడి గిన్నె. మధ్యాహ్నం కొడుకు వచ్చేసరికి రాయి తళతళలాడుతూ ఉండాలని ఆమె ఆశ. అందుకే ఎవరికీ చెప్పలేదు.

పదింటికి క్వయర్ వచ్చింది. క్వయర్ మాస్టరు సత్యం గారు నెల్లిమర్ల జూట్ మిల్లులో చేసి రిటైరైన మనిషి. మిల్లు మోతలో ముప్ఫయ్యేళ్ళు మాట్లాడినందువల్ల ఆయన మామూలుగా చెప్పిన మాట కూడా వీధి చివరికి వినిపిస్తుంది. పక్కింటి ఖాళీ స్థలంలో బోరు బండి తవ్వుతోంది. పాట ఫోన్లో రికార్డు చేసుకుని తప్పులు వినాలి కాబట్టి, ఆ మోత రాకుండా మాస్టారు కిటికీలన్నీ మూయించాడు. వీధి తలుపు కూడా వేయించి, వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో హార్మోనియం పెట్టుకుని కూర్చున్నాడు.

రెండో చరణానికి వంటింట్లోంచి ఒక వాసన బయల్దేరింది.

"కాంతమ్మగారూ, సేపల పులుసేటమ్మా?" అన్నాడు మాస్టారు.

"పులిహోర, బాబూ."

"పులిహోరకి భీమిలి బీచ్ వాసనేటి?"

"తరవాత సెప్తాను, మీరు పాడండి" అంది కాంతమ్మ ముసిముసిగా నవ్వుతూ.

మూడో చరణానికి నలుగురు దగ్గారు. సత్యం మాస్టారికి కోపం వచ్చింది. వారం రోజులుగా గొంతు చూసుకోమని చెప్తున్నాడు, ఐస్‌క్రీములు తినొద్దని చెప్తున్నాడు. "గొంతులు బిగిసిపోయాయి మీకు. పాట ఆపండి. అందరూ లెగండి. కళ్ళు మూసుకుని, పొట్ట నిండా, బాగా లోపలికి, ఊపిరి పీల్చండి" అన్నాడు.

ఆయన కాక మిగతా పదకొండు మందీ లేచి నిలబడి పొట్ట నిండా పీల్చారు. మాస్టారు పదిసార్లు పీల్పించాడు. ఎలా పీల్చాలో చూపించడానికి తను అందరికంటే ఎక్కువగా పీల్చాడు.

పన్నెండు గంటలకి కాంతమ్మ రాయిని ఇంకా బాగా మరగనిద్దామని మంట తగ్గించి, ఆకులేసి పులిహోర వడ్డించింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నది క్వయర్లో పాడే ఝాన్సీ. ఆ వీధిలోనే ఉంటుంది, మనసులో మాట మనసులో ఉంచుకునే అలవాటు లేదు.

"పిన్నీ, నీ ఇత్తడి గిన్నెకి కళాయి పోయిందే. చేదొస్తన్నాది. ఇనప ముక్క నాకినట్టున్నాది."

కాంతమ్మ ముఖం ఎర్రబడింది. "పోయిన నెలే ఏయించాను కళాయి! మా అమ్మ ఇచ్చిన గిన్నె అది. నలభయ్యేళ్ళుగా ఎవరూ ఒక్క మాటన్లేదు" అంటూ తనూ ఒక ముద్ద తిని చూసింది. తిని, వెంటనే వెళ్ళి టీ పెట్టుకొచ్చింది. టీ స్టీలు గిన్నెలో పెట్టింది. అదీ చేదే. చేదు పోవాలని తిన్నవాళ్ళంతా గ్లాసుడేసి మంచినీళ్ళు తాగారు. అవీ చేదే.

"ఇంకేటి, నీళ్ళే!" అంది కాంతమ్మ. అమ్మ ఇచ్చిన గిన్నె పరువు దక్కినందుకు ఆమెకి ఆ చేదులోనూ కొంచెం తీపిగా ఉంది.

ఝాన్సీ అప్పటికే ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని వీధి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడుతోంది. "అందరూ ఇనండి. కుళాయి నీళ్ళు ఎవరూ తాగొద్దు. చేదొస్తన్నాయి. బెన్హర్ గారింట్లో పన్నెండు మందికి దగ్గులు." మధ్యలో తనకే దగ్గు తెర వచ్చి మెసేజ్ చివర అరనిమిషం పాటు దగ్గు మాత్రమే ఉండిపోయింది. మాటలకంటే ఆ దగ్గే జనాన్ని ఎక్కువ నమ్మించింది.

ఒంటిగంట అయ్యేసరికి ఆగస్టు ఉక్కలో పన్నెండు మందీ వణకడం మొదలుపెట్టారు. కళ్ళు మండుతున్నాయి, ఒళ్ళు నొప్పులు, గొంతు పట్టేసింది. మెర్సీ బీరువాలో ఉన్న దుప్పట్లన్నీ తీసి కప్పింది, చివరికి తనకి కప్పుకోవడానికి పొందూరు ఖద్దరు చీర మిగిలింది. పండక్కి క్వయర్ వాళ్ళంతా ఒకే రకంగా కట్టుకోవాలని తెప్పించిన చీర అది. ఇక లాభం లేదని మూడు ఆటోలు పిలిచి అందరూ ఆస్పత్రికి బయల్దేరారు. కాంతమ్మ తలుపు దగ్గరగా వేసి గడియ పెట్టింది. పొయ్యి సంగతి ఆమెకి గుర్తు రాలేదు.

ఝాన్సీ మెసేజ్ ఆటోలకంటే ముందు వెళ్ళింది. వీధి గ్రూపు నుంచి వార్డు గ్రూపుకి, అక్కడి నుంచి ఊరి గ్రూపులకి పాకే దారిలో అది బాగా ఒళ్ళు చేసింది. పన్నెండు మందికి దగ్గు కాస్తా పన్నెండు మంది సీరియస్ అయింది. నీళ్ళు చేదు కాస్తా ట్యాంకులో పాము అయింది. జనం బిందెలన్నీ వీధిలో పారబోశారు. పారబోశాక, తాగడానికి నీళ్ళు లేవని అదే వీధిలో బైఠాయించారు. పొద్దుట్నుంచీ శుభ్రంగా ఆ నీళ్ళే తాగిన కిళ్ళీకొట్టాయన ఫోన్ చూసిన తరవాత నాలిక మొద్దుబారిందని కుర్చీలో కూలబడ్డాడు.

బెన్హర్‌కి అతని పై అధికారి, అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) నరసింగరావు ఫోన్ చేశాడు. 

"ఏటయ్యా, నీ వార్డే తగలబడిపోతంటే ఎక్కడున్నావు? మీ ఇంట్లో పాటల వాళ్ళందరూ ఆస్పత్రిలో ఉన్నారంట. నీళ్ళు తాగే పడిపోయారంట!"

బెన్హర్ చేతిలో టెస్ట్ ట్యూబు జారి పడింది. ట్యాంకులో పాము అన్న మాట మాత్రం విని, అప్పటికే అతను నాలుగు కుళాయిల నీళ్ళు తాగి చూసి, క్లోరిన్ పరీక్ష చేసి ఉన్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి. "నీళ్ళలో ఏమీ లేదు సార్, నేనే సూసాను" అన్నాడు.

"లేకపోడమేటి? స్టోరులో ఒక కిలో బ్లీచింగ్ పౌడరు తక్కువున్నాది. ఆ ఫిట్టరు దేవేంద్ర రెండింతలు కలిపీసాడు. అడిగితే నోరిప్పడు. సోమవారం ఆణ్ణి సస్పెండ్ చేసి పారేస్తాను. నేను ఇప్పుడు మీ ఇంటికెళ్ళి మీ వంటింటి కుళాయి నీళ్ళు శాంపుల్ పడతాను."

ఫోన్ పెట్టేశాక బెన్హర్ కొంతసేపు స్కూటరు డిక్కీ వైపు చూస్తూ నిలబడ్డాడు. తక్కువైన కిలో పౌడరు ఆ డిక్కీలోనే ఉంది. "ఇంట్లో పాచి వదలడం లేదు దేవేంద్రా, కాస్త పౌడరియ్యి" అని పొద్దున తనే అడిగి తీసుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దని కూడా అన్నాడు. దేవేంద్ర ఆ మాట నిలబెట్టుకుంటున్నాడు. ముందు మెర్సీనీ అమ్మనీ చూసుకోవాలి, తరవాత మిగతాది అనుకుని బెన్హర్ ఆస్పత్రికి పరిగెత్తాడు.

వార్డులో పన్నెండు మందీ, పదమూడో మనిషిగా కాంతమ్మా వరసగా మంచాల మీద ఉన్నారు. అందరి ముఖాలకీ మాస్కులు. దగ్గులు మాత్రం నాలుగు శ్రుతుల్లో వస్తున్నాయి. డాక్టర్ అనూరాధ మంచం మంచానికీ తిరుగుతూ ప్రశ్నలు అడుగుతోంది. ఆమెకి ఏదో అంతు చిక్కడం లేదు.

"అందరికంటే మీకే ఎక్కువగా ఉంది మాస్టారూ. ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగారు?"

సత్యం మాస్టారు మాస్కు పక్కకి జరిపాడు. వీధి చివరికి వినిపించే గొంతు ఇప్పుడు పక్క మంచానికి వినిపించడం లేదు. "తాగలేదమ్మా. నా మిరియాల నీళ్ళు ఫ్లాస్కులో నేనే తెచ్చుకుంటాను."

"పులిహోర?"

"పండగని ఉపవాసమున్నాను."

"టీ కూడా తాగలేదా? మరి మీరు ఏం తీసుకున్నారు?"

మాస్టారు ఆలోచించాడు. "ఊపిరి" అన్నాడు.

అప్పుడే బెన్హర్ లోపలికి వచ్చాడు. కొడుకుని చూడగానే కాంతమ్మ ముఖం విప్పారింది. అంత దగ్గులోనూ లేచి కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది.

"ఒరే నాయనా, బెంగెట్టుకోకు. మాకేటీ కాదు. నీ గుండీల రాయి సుబ్బరం సేసీసాను. పొద్దుట్నించీ మరగబెట్టాను. తళతళలాడిపోతాది సూడు."

బెన్హర్‌కి సంగతి అర్థమైపోయింది. ఒకసారి మెర్సీని చూశాడు, ఒకసారి డాక్టర్ని చూశాడు. ఫోన్ మోగుతోంది, ఏఈ. ఇక్కడ నోరు మూసుకుంటే నీళ్ళు చెడ్డవని ఊరు నమ్ముతుంది, దేవేంద్ర ఉద్యోగం పోతుంది, ఈ పదమూడు మందికీ ఏమైందో డాక్టరుకి తెలియదు. నోరు తెరిస్తే మాత్రం పన్నెండేళ్ళ కాపురం ఏమవుతుందో అతనికి తెలియదు.

"డాక్టరుగారూ, ఆ రాయి మీద ఉన్నవి విషప్రాణులు" అన్నాడు. "మరిగిస్తే ఆవిరిలో విషం వస్తుంది. పీల్చితే నోరు చేదెక్కి, ఇలాగే అవుతుంది. నాకు తెలుసు. రెండు నెలలుగా తెలుసు. ఇంట్లో సెప్పలేదు."

వార్డులో పదమూడు మాస్కులూ అతని వైపు తిరిగాయి.

డాక్టర్ అనూరాధ తిట్టలేదు. రాయి పేరేంటో, ఎంతసేపు మరిగిందో అడిగి రాసుకుంది. ఫోన్లో బెన్హర్ చూపించింది చదివి, విశాఖలో ఎవరికో ఫోన్ చేసి మాట్లాడింది. "దీనికి విరుగుడు మందంటూ లేదు. ఆక్సిజన్ పెట్టి, ఆవిరి మందులిచ్చి కనిపెట్టుకుని ఉండాలి. నీళ్ళు కాదని తెలిసింది, అదే మేలు. సరే, ఇప్పుడు ఆ రాయి ఎక్కడుంది?"

"పొయ్యి మీద" అంది కాంతమ్మ. "సిమ్ములో ఎట్టాను."

బెన్హర్‌కి ఏఈ గుర్తొచ్చాడు. ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. డాక్టరు రెండు మాస్కులు చేతిలో పెట్టి, "ఇంట్లోకి వెళ్ళకండి. గ్యాసు బయట్నుంచి ఆపడానికి వీలుంటే ఆపండి, తలుపులు తెరిచి దూరంగా ఉండండి" అని చెబుతూనే ఉంది. అతను అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

ఇంటి ముందు ఊరేగింపులా జనం ఉన్నారు. నీళ్ళ ట్యాంకరు, బిందెలు, బోరు బండి వాళ్ళు, నాలిక మొద్దుబారిన కిళ్ళీకొట్టాయన. నరసింగరావు శాంపుల్ సీసా పట్టుకుని గుమ్మం ఎక్కుతున్నాడు. వెనక దేవేంద్ర తల వంచుకుని నిలబడ్డాడు.

"సార్! లోపలికెళ్ళకండి సార్!" అని స్కూటరు మీద నుంచే కేక పెట్టాడు బెన్హర్.

నరసింగరావు ఆగి, వెనక్కి తిరిగి, కళ్ళు చిన్నవి చేసి చూశాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో లోపలికి రావద్దన్న ప్రతి ఇంట్లోనూ ఆయనకి ఒక్కటే కనిపించింది. "ఏటయ్యా, కుళాయికి దొంగమోటారు బిగించావేటి?"

"మోటారు కాదు సార్, రాయి!"

"రాయేటి?"

"మరుగుతున్నాది సార్!"

"రాళ్ళు మరిగించుకు తాగుతున్నావా? నాతోనే పరాచికాలా?" అని నరసింగరావు గడియ తీసి, తలుపు తోసుకుని, తిన్నగా వంటింట్లోకి వెళ్ళిపోయాడు. మోటారు దాచారేమోనని డేగిసా మూత కూడా ఎత్తి చూశాడు. పది సెకన్లలో కళ్ళు తుడుచుకుంటూ, దగ్గుతూ, చేతిలో సీసా పారేసి బయటికొచ్చాడు. దేవేంద్ర పట్టుకోకపోతే గుమ్మం ముందే పడిపోయేవాడు.

బెన్హర్ మాస్కు కట్టుకుని పెరటి వైపు నుంచి వెళ్ళి, వరండాలో బయటే ఉన్న సిలిండరు ఆపేశాడు. వీధి తలుపు బార్లా తీయించి, అందర్నీ ట్యాంకరు అవతలికి పంపించాడు. ఆ తరవాత స్కూటరు డిక్కీ తెరిచి, పొట్లం తీసి, అందరూ చూస్తుండగా నరసింగరావు ముందు పెట్టాడు.

"సార్, తక్కువైన పౌడరు ఇదిగో. నేనే అడిగి తీసుకున్నాను. నీళ్ళలో ఏమీ లేదు. దేవేంద్ర తప్పేమీ లేదు. నా ఇంట్లో రాయి వల్ల వచ్చింది ఇదంతా." జనం వైపు తిరిగి ఆ మాటే ఇంకోసారి పెద్దగా చెప్పాడు. రాయి సంగతీ, ఆవిరి సంగతీ, తను దాచిన సంగతీ అన్నీ చెప్పాడు.

తిట్లు పడతాయనుకున్నాడు. కొన్ని పడ్డాయి కూడా. కానీ అందరికంటే ముందు కిళ్ళీకొట్టాయన తన నాలిక బాగైపోయిందని చెప్పి లేచి వెళ్ళిపోయాడు. బోరు బండి మేస్త్రీ దగ్గరగా వచ్చి, ఆ రాయి ఇంకోటి ఎక్కడ దొరుకుతుందని, ఇంట్లో ఎలకలు ఎక్కువున్నాయని మెల్లగా అడిగాడు.

సాయంత్రానికి నరసింగరావు పద్నాలుగో మంచం మీద ఉన్నాడు. మాస్కులోంచే మెమో చెప్పాడు, దేవేంద్ర కాగితం పట్టుకుని రాశాడు. స్టోరు సరుకు సొంతానికి వాడుకున్నందుకు బెన్హర్ సంజాయిషీ ఇవ్వాలి.

"సార్, ఇచ్చింది నేను కదా. నా పేరు కూడా ఎయ్యండి" అన్నాడు దేవేంద్ర.

"నోరుముయ్యి" అన్నాడు నరసింగరావు. దగ్గు తగ్గాక, "పట్టుకున్నావు కాబట్టి కింద పడలేదు. మధ్యాన్నం ఏటేటో అన్నాను, మనసులో పెట్టుకోకు" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బెన్హర్ చాలాసేపు వార్డు బయట తచ్చాడాడు. చివరికి ధైర్యం చేసి మెర్సీ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మెర్సీకి గొంతు లేదు. తిట్టాలనుకున్న తిట్లన్నీ ముఖంలోనే కనిపిస్తున్నాయి. దగ్గరికి రమ్మని వేలితో పిలిచింది. అతను చెవి వంచాడు.

"రెండు నెల్లుగా తెలుసా?" గుసగుసగా అడిగింది.

"తెలుసు."

"అందుకేనా నన్ను అద్దం తుడవనియ్యలేదు?"

"ఊఁ."

"నా సేతికి ఏదన్నా అవుతాదనా?"

"బడిలో సుద్దముక్కలు పట్టుకుని నీ వేళ్ళు పగిలుంటాయి కదా. పగుళ్ళలోంచి కూడా పోతాదంట. అందుకని."

మెర్సీ తన వేళ్ళ పగుళ్ళు చూసుకుంది. "నేను మీకు సేపలే ఎక్కువనుకున్నాను" అంది.

"సెప్పేసి ఉండాల్సింది. భయమేసింది."

"దేనికి? విషానికా?"

"నీకు."

మెర్సీకి నవ్వొచ్చింది, నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు ఆగాక అతని చెవి పట్టుకుని గట్టిగా మెలిపెట్టింది. ఎంత గట్టిగా అంటే, ఇక ఈమెకి ప్రమాదం లేదని పక్క మంచం మీద ఝాన్సీకి అర్థమైపోయింది. కాంతమ్మ మాత్రం అవతల మంచం మీద కళ్ళు ఒత్తుకుంటోంది. బెన్హర్ వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"నాయనా, ఇంతమందిని నేనే పడుకోబెట్టీసాను" అంది.

"నువ్వు కాదమ్మా. నేను ఒక్క మాట చెప్పుంటే అయిపోయేది."

"నా గిన్నె తప్పు లేదు కదా?"

"లేదమ్మా. కళాయి బాగానే ఉన్నాది."

కాంతమ్మ కొంచెం తేరుకుని దిండు సర్దుకుంది.

ఆదివారం పొద్దున డాక్టరు అందర్నీ పరీక్ష చేసి పంపించేసింది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయంది. నాలుగు రోజులు గొంతుకి విశ్రాంతి ఇవ్వమంది. పదింటికి నూరేళ్ళ పండగ. సత్యం మాస్టారు వినలేదు. క్వయర్‌ని పొందూరు ఖద్దరులో వరసగా నిలబెట్టాడు. హైదరాబాదు నుంచి ముఖ్య అతిథి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మాస్టారు హార్మోనియం మీద శ్రుతి ఇచ్చి చెయ్యెత్తాడు. పదకొండు నోళ్ళు తెరుచుకున్నాయి. బిగిసిపోయిన పాత గేటు తెరిచినట్టు ఒక చప్పుడు వచ్చి ఆగిపోయింది.

మాస్టారు ఇంకోసారి చెయ్యెత్తాడు. ఈసారి ఆ చప్పుడు కూడా రాలేదు. అతిథి కళ్ళద్దాలు సర్దుకున్నారు. మాస్టారు ఎత్తిన చెయ్యి దించలేదు.

జనంలో వెనక వరసలో నిలబడ్డ బెన్హర్ అది చూడలేకపోయాడు. అతనికి పాట రాదు. శ్రుతి కుదరదని పదేళ్ళ కిందటే మాస్టారు క్వయర్లోంచి పంపించేశాడు. కానీ నెల రోజులుగా మెర్సీ ఇంట్లో పాడుతుంటే విని విని ఆ పాట మాటలన్నీ నోటికొచ్చేశాయి. కళ్ళు మూసుకుని అందుకున్నాడు. మొదటి ముక్క అడ్డంగా పోయింది. జాలేసి పక్కనున్న ముసలావిడ కలిపింది. ఆమె వెనక కూరగాయలమ్మే ఆడవాళ్ళు కలిపారు, బెంచీల మీద పిల్లలు కలిపారు, నిన్నంతా ఈ పన్నెండు మంది కోసం ప్రార్థన చేసిన జనం మొత్తం లేచి నిలబడ్డారు. రెండో చరణానికి కొత్తగా రంగులేసిన గోడలు మోగిపోయాయి. ఎదురుగా మెర్సీ పెదవులు మాత్రం కదుపుతూ, వెనక వరసలో ఉన్న మొగుణ్ణి చూసి కళ్ళు తుడుచుకుంది.

పాట అయ్యాక ముఖ్య అతిథి లేచి మైకు అందుకున్నారు. ముప్ఫయ్యేళ్ళుగా ఎన్నో చర్చిలకి వెళ్ళాను, ఇంత బాగా పాడిన సంఘాన్ని చూడలేదన్నారు. సత్యం మాస్టారు నమస్కారం పెట్టి, హార్మోనియం మూత వేసేశాడు.

సోమవారం సంఘం పెద్దలు సమావేశమై, పండగ రోజు క్వయర్ చేసిన సేవకి కృతజ్ఞతలు తెలుపుతూ, క్రిస్మస్‌కి కూడా వాళ్ళు అదే విధంగా ఊరికే నిలబడాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.